ఆ రీళ్లను ఒక్కసారి స్కాన్ చేయనివ్వండి: ఫిల్మ్ సేకర్తలకు ‘డాక్టర్ హూ’ ప్రేక్షకుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫిల్మ్ సేకర్తలకు,

నమస్కారం. బ్రిటన్‌లోనూ, ఒకప్పుడు బీబీసీ కార్యక్రమాలను కొని ప్రసారం చేసిన దేశాల్లోనూ పాత ఫిల్మ్ రీళ్లను సొంత ఖర్చుతో కాపాడుకుంటూ వస్తున్న మీకు ఈ లేఖ రాస్తున్నాను. మీలో ఎవరి దగ్గరైనా బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ తొలి ఆరేళ్ల ఎపిసోడ్లలో, బీబీసీ దగ్గర లేకుండా పోయినవాటి 16 ఎం.ఎం. ప్రింట్లు ఉంటే, వాటిని స్కాన్ చేయనివ్వండి. రీలు మీదే, మీ దగ్గరే ఉంచుకోండి. అందులోని బొమ్మ మాత్రం మా అందరికీ కావాలి.

ఈ విన్నపం కొత్తది కాదు. ప్రేక్షకులు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. పోయిన ఎపిసోడ్ తెచ్చిచ్చిన వారికి, సీరియల్‌లోని ప్రతినాయక జీవి డాలెక్ నిలువెత్తు బొమ్మనే బహుమతిగా ఇస్తామని బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ 2006లో ప్రకటించింది. ఆ తరువాత ఐదేళ్ల పాటు ఒక్క ఎపిసోడూ తిరిగి రాలేదు. బహుమతి ఆశ చూపితే ఈ పని జరగదని అప్పుడే తేలింది. అందుకే ఏం పోయిందో, ఎవరికి ఏం నష్టమో మీ ముందు పెడుతున్నాను.

ముందుగా లెక్క. 1963 నవంబరు 23న మొదలైన ఈ సీరియల్ 1969 వరకు నలుపు తెలుపుల్లో 253 ఎపిసోడ్లు నడిచింది. కథానాయకుడి పేరే డాక్టర్. మొదటి డాక్టర్‌గా విలియం హార్ట్‌నెల్ కాలంలో 134, రెండో డాక్టర్‌గా పాట్రిక్ ట్రౌటన్ కాలంలో 119. వీటిలో 97 ఎపిసోడ్లు 2013 చివరి నాటికి ఏ ఆర్కైవ్‌లోనూ లేవు. హార్ట్‌నెల్‌వి 44, ట్రౌటన్‌వి 53. అంటే ట్రౌటన్ ఆ పాత్రలో చేసిన పనిలో దాదాపు సగం కనుమరుగైంది. నేటికీ ఆ లోటు తొంభైకి పైనే ఉంది. 1970 తరువాతి ఎపిసోడ్లన్నీ ఏదో ఒక రూపంలో మిగిలాయి కాబట్టి, ఈ సీరియల్‌కు పునాది వేసిన ఆరేళ్లకే ఈ గతి పట్టింది.

ఇది ఎలా జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఆనాటి రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదు, పైగా చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. నటులతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితులుండేవి. ఇంట్లో కూర్చుని పాత కార్యక్రమం చూసుకునే రోజు వస్తుందని ఎవరూ ఊహించలేదు. అలా 1967 నుంచి టేపులు చెరిగిపోయాయి. విదేశాలకు అమ్మడం కోసం తెర మీది బొమ్మను 16 ఎం.ఎం. ఫిల్ము మీదకు ఎక్కించిన ప్రింట్లు కొంతకాలం మిగిలాయి. హక్కుల గడువు తీరిందంటూ వాటిని కూడా 1970లలో పారవేశారు. డాలెక్‌ల మొట్టమొదటి కథ రీళ్లు సైతం ఆ వరుసలోనే ఉండగా, 1978లో ఒక అభిమాని కల్పించుకోవడంతో ఆగాయి.

చెరిపేసింది మీరు కాదు. పారవేసింది మీరు కాదు. చెత్తలోకి పోయేవాటిని ఏరి, డబ్బాల్లో పెట్టి, అరలు కట్టి దాచింది మీలాంటివారే. ఈ మాట బీబీసీ అధికారులు ఎన్నడో బహిరంగంగా, గట్టిగా చెప్పి ఉండవలసింది. వారు చెప్పినా చెప్పకపోయినా ప్రేక్షకులుగా మేము చెబుతున్నాం: మీరు లేకపోతే ఈనాడు చూస్తున్న ఎపిసోడ్లలో కొన్ని కూడా ఉండేవి కావు.

అయినా అడగక తప్పడం లేదు. ఆ రీలు మూత తెరవని డబ్బాలో ఉండిపోతే సామాన్య ప్రేక్షకుడికి జరుగుతున్న నష్టం ఇది.

1. చూడని కథ మీద మా తీర్పులన్నీ తప్పుల తడకలవుతున్నాయి. దీనికి తిరుగులేని సాక్ష్యం ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’. 1967 డిసెంబరు, 1968 జనవరి నెలల్లో ప్రసారమైన ఆరు ఎపిసోడ్ల కథ ఇది. చాలా ఏళ్లపాటు మూడో ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అందులో ఎక్కువ భాగం వంటగదిలోనూ నడవాల్లోనూ సాగుతుంది. దాన్ని చూసి కథంతా నీరసమని రెండు తరాల ప్రేక్షకులు కొట్టిపారేశారు. 2013లో మిగిలిన ఐదూ నైజీరియాలోని జోస్ నగరంలో దొరికాయి. మొదటి ఎపిసోడ్‌లోనే సముద్రతీరం, హోవర్‌క్రాఫ్ట్, హెలికాప్టర్! డాక్టర్‌గానూ, సలమాండర్ అనే నియంతగానూ ట్రౌటన్ రెండు పాత్రల్లో నడక మార్చి, కంటిచూపు మార్చి చేసిన నటన. అంతకు ముందు దాన్ని తీసిపారేసినవారే ట్రౌటన్ కాలపు మంచి కథల్లో చేర్చారు. కథ మారలేదు, చూసే అవకాశం వచ్చింది. ఇంకా ఎన్ని కథల మీద మేము ఇలాంటి అన్యాయపు తీర్పులు మోస్తున్నామో! దీనికి తిరకాసు కూడా ఉంది. చిన్నప్పటి జ్ఞాపకాల బలంతో గొప్పవని పేరుపడ్డవి, దొరికాక అంత గొప్పవి కావని తేలవచ్చు. తేలనివ్వండి. అభిమానికైనా విమర్శకుడికైనా ముందు కళ్ల ముందు బొమ్మ ఉండాలి కదా.

2. నటుల ముఖాలు పోయాయి, గొంతులు మిగిలాయి. ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’లో ఒక సన్నివేశం చూడండి. తండ్రిని కోల్పోయిన విక్టోరియా, డాక్టర్ వెంట ప్రయాణించే అమ్మాయి, అందరూ నిద్రపోతుంటే కాపలాగా కూర్చుని ఉంటుంది. డాక్టర్ పక్కన చేరి, తన వారి జ్ఞాపకాలు తన మనసులో నిద్రపోతుంటాయని, కావాలనుకున్నప్పుడు తలుచుకోగలనని మెల్లగా చెబుతాడు. 1992లో హాంకాంగ్ నుంచి నాలుగు రీళ్లు తిరిగి వచ్చేదాకా ఈ సంభాషణ అభిమానుల టేపుల్లో మాట మాత్రంగానే ఉండేది. రీలు వచ్చాక తెలిసింది, అక్కడ అసలు పని మాటలది కాదని. ఆ మాటలకు ముందూ వెనకా ట్రౌటన్ ముఖం మీద నవ్వు వచ్చి సగంలో ఆగుతుంది. ఏ ధ్వనిముద్రణా దాన్ని పట్టలేదు. అదే ట్రౌటన్ డాక్టర్‌గా అడుగుపెట్టిన తొలి కథ ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆరు ఎపిసోడ్లూ లేవు. అంతకు ముందు కథలో 1966 అక్టోబరు 29న హార్ట్‌నెల్ ముఖం ట్రౌటన్ ముఖంగా మారిన ఎపిసోడూ లేదు. ఆ మార్పు క్షణం 1973లో ‘బ్లూ పీటర్’ వాడుకున్న తునకగా మిగిలింది. ఈ సీరియల్ ఇన్నేళ్లు బతకడానికి కారణమైన ఉపాయం, ఒక నటుడి స్థానంలో మరొకరు రావడం, మొదటిసారి ప్రేక్షకుల ముందు ఎలా నిలబడిందో చూసి చెప్పే వీలు మాకు లేదు.

3. తీసినవారి పని వారి కళ్ల ముందే మాయమైంది. మొట్టమొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పుడాయన వయసు 24. నిర్మాత వెరిటీ లాంబర్ట్ కూడా ఇరవైల్లోనే ఉన్నారు. ఒక యువతికి, భారతదేశం నుంచి వచ్చిన ఒక యువకుడికి ఆనాటి బీబీసీలో ఇలాంటి బాధ్యత దక్కడం చిన్న విషయం కాదు. 1964లో హుస్సేన్ ‘మార్కో పోలో’ తీశారు. పామీరు పర్వతాల నుంచి కుబ్లయ్ ఖాన్ కొలువు దాకా సాగే ఏడు ఎపిసోడ్ల ప్రయాణం. ఒకటి మినహా అన్నిటికీ ఆయనే దర్శకుడు. అనేక దేశాలకు అమ్ముడైన ఆ కథ ఏడు ఎపిసోడ్లలో ఒక్కటీ లేదు. రంగుల్లో తీసిన కొన్ని ఫొటోలు చూస్తే ఆ దుస్తులు, ఆ సెట్లు మతి పోగొడతాయి. అందులో డాక్టర్ సహచరుడు ఇయాన్‌గా నటించిన విలియం రస్సెల్ 2024లో 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తన పనిని మళ్లీ చూసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు. 1964లో టీవీ ముందు కూర్చున్న పదేళ్ల పిల్లలు ఈనాడు డెబ్బై దాటినవారు. వారిని ఇంకా ఎన్నాళ్లు ఆగమంటారు?

4. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని అందించిన వారికి మేము రుణపడి ఉన్నాం. పోయిన ప్రతి ఎపిసోడ్ ధ్వని మిగిలిందంటే, ఆ రోజుల్లో ఇంట్లో టేపు రికార్డరు పెట్టి పట్టుకున్న కుర్రాళ్ల పుణ్యమే. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెర మీది బొమ్మలను కెమెరాతో తీశారు. వాటి ఆధారంగానే యానిమేషన్లు వస్తున్నాయి. 2016లో ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ అలాగే వచ్చింది. కానీ యానిమేషన్ నేటి కళాకారుల పని, నాటి నటుల పని కాదు. కెమెరా ఎక్కడ ఆగింది, ఎవరి ముఖం మీద కత్తిరించారు అన్నవి ఊహలే. 1966లో వచ్చిన ‘ది మాసకర్’ కథకైతే ఆ ఫొటోలూ దొరకలేదు, కదిలే బొమ్మ ఒక్క తునకా లేదు. అందులో హార్ట్‌నెల్ మరో పాత్ర కూడా పోషించారు. దాన్ని ఎలా చేశారో వినగలమే గాని చూడలేం.

5. ఒక ఎపిసోడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జోస్‌లో ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ ఎపిసోడ్లు కూడా దొరికాయి. మూడోది మాత్రం రాలేదు. ఆ రీళ్లను కనుగొన్న ఫిలిప్ మోరిస్ చెప్పిన ప్రకారం, మొదట చూసినప్పుడు అది కూడా అక్కడే ఉంది, బ్రిటన్‌కు చేరేలోపు మాయమైంది. 1968 ఫిబ్రవరి 17న ప్రసారమైన ఆ ఎపిసోడ్‌లోనే లెత్‌బ్రిడ్జ్-స్టూవర్ట్ పాత్రలో నికొలస్ కోర్ట్నీ తొలిసారి తెర మీదకు వస్తారు. తరువాత బ్రిగేడియర్‌గా దశాబ్దాలపాటు ప్రేక్షకుల మనసు దోచిన పాత్ర అది. ఆ రీలు గాలిలో కలిసిపోలేదు, ఎవరి చేతికో చేరి ఉంటుంది. అది మీ చేతికే వచ్చి ఉంటే, ఎలా వచ్చిందని మేము అడగం.

6. కాలం మీ వైపు లేదు, మా వైపూ లేదు. ఆ ప్రింట్లు అసిటేట్ ఫిల్ము మీద ఉన్నాయి. వేడి, తేమ తగిలితే అసిటేట్ విచ్చిపోతూ ఆమ్లం వదులుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే పని మొదలైనట్టే. వెలువడిన ఆమ్లమే ఆ క్షయాన్ని ఇంకా వేగిరపరుస్తుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, అంచులు అలలు తిరుగుతాయి, చివరికి ఏ యంత్రమూ దాన్ని లాగలేని స్థితి వస్తుంది. ఎంత శ్రద్ధగా దాచినా, దాచడం ఒక్కటే చాలదు.

మీ భయాలు మాకు తెలుసు. అవి ఉత్త భయాలని అనను. హాస్యనటుడు బాబ్ మంక్‌హౌస్ అంతటి పేరున్న మనిషిని, ఫిల్ములు సేకరించినందుకు 1979లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు బోనెక్కించారు. నిర్దోషిగా బయటపడ్డారు గాని ఆ అవమానం ఒక తరం సేకర్తలకు మరపు రాలేదు. పోలీసు తలుపు తడతాడని, రీలు తీసుకెళ్లి తిరిగివ్వరని, దొంగ అని పేరు పెడతారని మీలో కొందరు నోరు విప్పడం లేదు. దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ ఉంది. 1999లో న్యూజీలాండ్‌లోని ఒక సేకర్త దగ్గర ‘ది లయన్’ అనే 1965 నాటి ఎపిసోడ్ దొరికింది. ఆయనకు అది పోయిన ఎపిసోడ్ అనే తెలియదు. రీలును పంపించారు, కాపీ చేసుకున్నారు, రీలు ఆయనకు తిరిగి చేరింది. ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేదు. పెట్టకపోగా, ఇప్పటికీ ప్రేక్షకులు కృతజ్ఞతతో తలుచుకుంటున్నారు.

మీ గోప్యతను మేము గౌరవిస్తాం. ఎవరి పేరునూ బయటికి లాగే ఉద్దేశం మాకు లేదు. సేకర్తల పేర్లు ఊహించి నలుగురిలో పెట్టి వేధించే అభిమానులు కొందరున్నారు. వారి చేష్టలను ఈ లేఖలోనే ఖండిస్తున్నాను. వారి వల్లనే కొన్ని తలుపులు మూసుకున్నాయని నా నమ్మకం.

ఇక మీకు మా విన్నపాలు:

1. మీ డబ్బాలను ఒకసారి తెరిచి చూడండి. 1966 వేసవి ముందు వచ్చిన ఎపిసోడ్లకు దేని పేరు దానికే ఉండేది, కథ పేరు తెర మీద కనిపించేది కాదు. ‘మార్కో పోలో’ మొదటి భాగం డబ్బా మీద ‘ది రూఫ్ ఆఫ్ ది వరల్డ్’ అని మాత్రమే రాసి ఉండవచ్చు. నలుపు తెలుపు, ధ్వని ఉన్న 16 ఎం.ఎం. రీలు, ఇరవై ఐదు నిమిషాల నిడివి, సుమారు 900 అడుగుల పొడవు ఉంటే ఆగి చూడండి. 2011లో తిరిగి వచ్చిన రెండు ఎపిసోడ్లూ, వాటి విలువ తెలియక ఏళ్ల తరబడి దాచుకున్న ఒక మాజీ టెలివిజన్ ఇంజనీరు దగ్గరివే.

2. దయచేసి దాన్ని పాత ప్రొజెక్టరులో వేసి చూడకండి. కుంచించుకున్న ఫిల్ము రంధ్రాలు అందులో చిరిగిపోగలవు. చేత్తో కొద్దిగా విప్పి, వెలుతురుకు పట్టి, మొదటి పేర్లు చదివితే చాలు.

3. బీబీసీ మీద నమ్మకం లేకపోతే బీబీసీకి ఇవ్వకండి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1993 నుంచి ‘మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్’ పేరుతో ఇలా తిరిగి దొరికిన కార్యక్రమాలను ప్రదర్శిస్తోంది. న్యాయవాది ద్వారానో, మీరు నమ్మే మధ్యవర్తి ద్వారానో, మీ పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు.

4. మీ తదనంతరం ఆ రీళ్లు ఎవరికి చెందాలో కాగితం మీద రాసి పెట్టండి. ఇది చెప్పడం మర్యాద కాదేమో, అయినా చెప్పాలి. వారసులకు తెలియని డబ్బాలు ఇల్లు ఖాళీ చేసే రోజున చెత్తబండి ఎక్కుతాయి. 1970లలో ఒకసారి పోయినవి రెండోసారి అలా పోకూడదు.

హక్కులు చేతిలో ఉన్న అధికారులకు కూడా మూడు డిమాండ్లు పెడుతున్నాను, ఎందుకంటే తలుపు రెండు వైపుల నుంచీ తెరుచుకోవాలి:

1. రీలు చూపించిన సేకర్త మీద ఎలాంటి చర్యా ఉండదని, స్కాన్ అయ్యాక అసలు ప్రింటు తిరిగి ఇస్తామని, రాతపూర్వకంగా, గడువు లేకుండా, బహిరంగంగా ప్రకటించండి. మాట మీద నమ్మమంటే ఎవరూ నమ్మరు.

2. పాత ప్రింట్లను శుభ్రపరచడం, స్కాన్ చేయడం, పంపించడం, బీమా, అన్ని ఖర్చులూ మీరే భరించండి. దాచిన ఖర్చు వారు ఇప్పటికే భరించారు.

3. దొరికిన ఎపిసోడ్‌ను ప్రసారమైన రూపంలోనే, పూర్తి నిడివితో ప్రేక్షకులకు ఇవ్వండి. 2023 నవంబరులో డాలెక్‌ల తొలి కథకు రంగులద్ది, ఏడు ఎపిసోడ్లను 75 నిమిషాలకు కుదించి ప్రసారం చేశారు. కొత్తవారిని రప్పించడానికి అది పనికొచ్చింది, కాదనను. దాని పక్కనే అసలు ఏడు ఎపిసోడ్లూ ఉన్నాయి కాబట్టే ఒప్పుకున్నాం. రేపు దొరికేవాటికి కూడా అసలు రూపమే ముందు రావాలి.

సేకర్తలారా, మీలో ఎవరైనా ఇన్నాళ్లూ చెప్పడానికి ఒక సందర్భం కోసం చూస్తుంటే, ఈ లేఖను ఆ సందర్భంగా తీసుకోండి. ఒక్క ఎపిసోడ్ చాలు, చివరి ఐదు నిమిషాలు చిరిగిపోయినదైనా సరే. ముందుగా ఆర్కైవ్‌కు ఒక్క ఫోను చేసి, మీ దగ్గర ఏముందో చెప్పండి. షరతులు మీరే పెట్టండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక ప్రేక్షకుడు